ఏమో అంటే గింజ ఊరుకుంది

పక్క తెప్పలూరి బడివారికి,

నా దస్తూరీ బాగుండదు, క్షమించాలి. అయిదో తరగతి దాకా చదివాను, అదీ మా ఊరు నీళ్లలో మునగక ముందు. ళ రాయాల్సిన చోట ల పడుతుంది. ఒత్తులు జారిపోతాయి. పడవ ఊగితే అక్షరాలూ ఊగుతాయి. మీరే సర్దుకుని చదవాలి.

నా పేరు ఎల్లాజీ. బడి పడవ నడుపుతాను. పొద్దున తెప్ప తెప్పకీ వెళ్లి పిల్లల్ని ఎక్కించుకుంటాను, సాయంత్రం దింపుతాను. మధ్యలో బడి పక్కన పంపు చూసుకుంటాను. కామాక్షి టీచరు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మీరే రాయొచ్చు కదమ్మా అన్నాను. "నేను ఒక మాట అనుకునే లోపు గింజ దాన్ని నున్నగా చేసి చెవిలో పెట్టేస్తుంది. నీ చెవిలో గింజ లేదు కదా" అన్నారు. నిజమే. కుర్రతనంలో ఆల్చిప్పల కోసం లోతుకి మునిగితే రెండు చెవుల్లోనూ పొరలు చిట్లాయి. అడిగినదానికి జవాబు చెప్పే చెవిగింజ వాటిలో నిలవదు. మా ఊళ్లో గింజ లేని చెవులు నావే.

ఏ రోజు సంగతి ఆ రోజే రాశాను. తిథులు వేశాను.

పాడ్యమి

పోటు బాగా ఉంది. ఇంజను దగ్గుతోంది.

పిల్లలంతా ఎక్కారు. ఎప్పటిలాగే ఎవరూ మాట్లాడలేదు. చెడ్డపిల్లలు కారు. మాట్లాడే పని పడదు, అంతే. ఏదైనా అడగబోతే గొంతులో 'ఎ' అనే అక్షరం మెదలగానే గింజ లేస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎలా, అన్నీ 'ఎ'తోనే మొదలవుతాయి కదా. మాట పూర్తయ్యేసరికి జవాబు చెవిలో ఉంటుంది. 'ఎవరో వచ్చారు' అనే మాట ఈ పిల్లల నోట నేను వినలేదు. ఎవరొచ్చారో గింజ చెప్పేస్తుంది.

ఈ పున్నమికి గట్టు మీది నుంచి కొత్తరకం గింజ వస్తోంది. ముందుగింజ అంటున్నారు. అది అడగక ముందే చెబుతుందట. పదిహేనేళ్లు నిండినవాళ్లకి చెవి వెనక ఎముకలో పెడతారు. పెట్టాక తీయడానికి ఉండదు. జాబితాలో మొదటి పేరు పైడితల్లిది. తండ్రి లేని పిల్ల. ఇంజను పక్కనే కూర్చుంటుంది.

ఆ పిల్ల ఇంజను వైపు చూసి నాతో అంది. "తాతా, కందెన ఏస్తే దగ్గు తగ్గుతాదని గింజ సెప్పింది. నువ్వు పొద్దున్నే ఏసేవు. మరెందుకు దగ్గుతంది?"

"ఏమో" అన్నాను.

"ఏమోనా? ఏటది?"

"అదేం లేదమ్మా. ఏమో అంటే ఏమో."

ఆ పిల్ల తనలో తాను ఆ మాట అంది. వెంటనే చెవి మీద చెయ్యి వేసుకుంది. మొహం తెల్లబోయింది.

"తాతా, గింజ లేసింది. టిక్కుమంది. మరేటీ సెప్పనేదు."

"పాడైందేమో" అన్నాను.

అదీ అని చూసింది. మళ్లీ టిక్కు. మళ్లీ ఏమీ లేదు. బియ్యం కడిగి ఎసట్లో పోసేంత సేపు కళ్లు మూసుకుని కూర్చుంది. నాకు భయం వేసింది, వాళ్లమ్మకి ఏం చెప్పాలా అని.

కళ్లు తెరిచి అంది. "నా ఊపిరి నాకు ఇనబడతంది తాతా. ఇన్నాళ్లూ ఇది ఎక్కడుంది?"

విదియ

ఎర్రయ్య అని ఇంకో పిల్లవాడు. పైడితల్లి ఈడే. వాళ్ల నాన్న పొద్దున్నే పానా పట్టుకుని నా పడవలోకి దూకాడు.

"ఎల్లాజీ మావా, నీ ఇంజన్లో ఏమో అనే సామాను అరిగిపోయిందంటగదా. మావోడు సెప్పేడు. కొత్తది ఎక్కడ దొరుకుతాదని గింజనడిగితే మాటాడదు. గట్టు మీద దొరకదా అది?"

నలుగురిలో నాకు మాట రాదు. "అది ఇంజన్లో ఉండదురా" అన్నాను.

"మరెక్కడుంతాది?"

"నోట్లో."

నా వైపు ఒకలా చూశాడు. ముసలాడికి మతి పోయిందనుకున్నాడు. గింజ చెప్పకపోతే మనమే చూద్దాం అని గొట్టాలన్నీ విప్పాడు. అతను గింజ చెప్పకుండా ఒక మర విప్పడం నేను ఇంతకు ముందు చూడలేదు. నీళ్లు పీల్చే గొట్టంలో ఒక పీతపిల్ల ఇరుక్కుని ఉంది. బతికే ఉంది. తీసి నీళ్లలో వదిలితే ఇంజను దగ్గు ఆగిపోయింది.

"ఓర్నీ, దీన్నా ఏమో అంతారు" అన్నాడు పీత పోయిన వైపు చూస్తూ.

ఈ సంగతి బళ్లో తెలిసి కామాక్షి టీచరు కుర్చీలో కూలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "మా అమ్మమ్మ అనేది ఈ మాట. నేనే మర్చిపోయాను" అన్నారు. తర్వాత ఆవిడా ఒకసారి అన్నారు. చెవి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కిటికీలోంచి సముద్రం చూశారు.

చవితి

ఈ రోజు రాయడానికి నా చెయ్యి ఆగడం లేదు.

టీచరు బోర్డు మీద 'ఎందుకు' అని రాశారు. పక్కన 'ఎందుకో' అని రాశారు. మొదటిది అనమన్నారు. పిల్లలందరి చెవుల్లో గింజలు ఒక్కసారే లేచి, ఏం ఎందుకు, దేని గురించి అని విసిగించాయట. రెండోది అనమన్నారు. టిక్కుమని లేచి, మాట ఇంకా అవ్వలేదనుకుని ఊరుకున్నాయి. అలా ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఎవరు అంటే జవాబు వస్తుంది. ఎవరో అంటే రాదు. ఎక్కడ అంటే వస్తుంది. ఎక్కడో అంటే రాదు. చివర ఒక్క 'ఓ' చేరిస్తే చాలు.

నేను పంపు గది కిటికీలోంచి చూస్తున్నాను. ఈ మాటలు నేను పుట్టినప్పటి నుంచీ అంటున్నాను, వాటి లోపల ఇంత ఖాళీ ఉందని ఏనాడూ అనుకోలేదు.

ఎర్రయ్య లేచి బయటికి చూపించాడు. బడి తెప్ప నీలం పీపాల మీద తేలుతుంది. వాటిలో ఒకదాని మీద రోజూ ఒక తెల్లకొంగ వాలుతుంది. పక్క పీపాల మీద వాలదు.

"టీచరమ్మా, ఆ కొంగ ఆ పీపా మీదే కూసుంతాది" అని ఆగాడు. తర్వాత మెల్లగా, "ఎందుకో" అన్నాడు.

ఇదివరకైతే కొంగ సేద తీరడానికి కూర్చుంది అని గింజ చెప్పేది, అందరూ తల దించుకునేవాళ్లు. ఇప్పుడు అందరూ లేచారు. పీపాల మీద చేతులు పెట్టి చూశారు. కొంగ పీపా వెచ్చగా ఉంది. పంపు నుంచి వచ్చే వేడినీళ్లు దాని కిందే పడతాయి. అదే అదే అని ఒకటే అరుపులు. పైడితల్లి మాత్రం నా దగ్గరికి వచ్చి, "తాతా, రేపు పంపు ఆపుతావా?" అంది.

పంచమి

పంపు ఆపాను. పీపా చల్లబడింది. కొంగ వచ్చి దాని మీదే వాలింది.

పిల్లలు గొల్లుమన్నారు. ఓడిపోయినందుకు ఇంత సంతోషించిన పిల్లల్ని నేను చూడలేదు. పడవలో ఇంటికి పోయేటప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడారు. పీపా కింద చేపపిల్లలున్నాయేమో, దాని రంగు వెలిసిందేమో, కొంగ వాళ్లమ్మ అక్కడే వాలేదేమో. నా చెవులు గింగురుమన్నాయి. చెవులు సరిగా వినపడని నాకే అలా ఉంది.

సప్తమి

చిక్కు వచ్చింది.

ఊరిపెద్ద లచ్చన్న బడికి వచ్చాడు. మంచివాడే. ఊరు మునిగినప్పుడు మమ్మల్నందర్నీ తెప్పల మీదికి ఎక్కించిన మనిషి.

"టీచరమ్మా, నాచు పెంచే తాళ్ల కాడ పిల్లలు నిలబడిపోతన్నారు. తాడు లాగమంతే లాగరు, నాచు ఒక వైపుకే మెలి తిరిగింది ఎందుకో అంతారు. మా మనవడు నిన్న కూడు కాడ ఆగిపోయేడు. ఎందుకో ఆకలి నేదు తాతా అన్నాడు. ఒంట్లో బానే ఉందని గింజంతంది. మందెయ్యాలా, తన్నాలా?"

"అడగాలి" అన్నారు టీచరు. "ఏం గుర్తొచ్చి తినలేదో వాణ్నే అడగండి."

"ఆణ్ని అడగడమేటి? గింజుంది గదా." లచ్చన్న గొంతు తగ్గించాడు. "సూడమ్మా, ఈ గింజకి ఊరు పెట్టుకున్న కట్టుబాటు నీకు తెలుసు. పున్నమికి అడుగుతాం. అవునన్నోళ్లకి ముందుగింజ పెట్టి సదివిస్తాం. కాదన్నోళ్లు బడి మానేసి తాళ్ల పనికి రావాల. రెండే."

వెనకాల పైడితల్లి వాళ్లమ్మ రాములమ్మ నిలబడి ఉంది. "నా కూతురు అవునంతాది" అంది. "దాన్ని అడగక్కర్నేదు. అడక్క ముందే సెప్పే గింజుంటే దాని అయ్య ఈ పొద్దు బతికుండును."

టీచరు తల వంచుకున్నారు. రాములమ్మ మొగుడు వేటకి వెళ్లి తుపానులో పోయాడు. పడవ కూడా దొరకలేదు.

నవమి

పైడితల్లి ఆఖరి తెప్ప దాకా దిగలేదు. పడవలో నేనూ తనే.

"తాతా, నాకు ముందుగింజ కావాలా అని గింజనడిగేను."

"ఏమంది?"

"కావాలంది. నా గుండె ఎలగ కొట్టుకుంతందో, మాయమ్మ ఎన్నిసార్లు అడిగిందో, నేను ఎన్నిసార్లు అవునన్నానో అన్నీ లెక్కేసి సెప్పింది. అది ఎప్పుడూ తప్పు సెప్పదు గదా."

"చెప్పదు."

"మరి అది నా మాటా, దాని మాటా?"

నేను ఏమో అనబోయి ఆగాను. ఆ మాట నేనంటే లాభం లేదు. ఇంజను ఆపేశాను. ఆ పిల్ల 'ఎందుకో' అని మెల్లగా అని, గింజ టిక్కుమన్నాక కూర్చుంది. రెండుసార్లు, మూడుసార్లు. చెవిలో సద్దు లేని చోటుని పట్టుకుని ఎక్కడికో దిగుతున్నట్టు ఉంది. నేను ఆల్చిప్పలకి మునిగేటప్పుడు తాడు పట్టుకుని పడవలో కూర్చున్నవాడికి ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది.

పైకి వచ్చి అంది. "నేను ఏదడిగినా అవునంతాను తాతా. అమ్మకి బయపడి కాదు. అవునంతే అందరూ ఊరుకుంతారు. అప్పుడు నన్ను నేను అడుక్కునే పనుండదు. అందుకంతాను." నవ్వింది. "ఇది గింజకి తెల్దు. నాకే ఇప్పుడు తెలిసింది."

నేను ఆ పిల్లని దింపి తిరిగి వస్తూ దారంతా పాడాను. నాకు పాట రాదు. అయినా పాడాను.

ఏకాదశి

రాములమ్మ ఎండుచేపల గంపతో నా పడవ ఎక్కింది. కూతురు పక్కనే ఉంది. సగం దారిలో తల్లే మొదలుపెట్టింది.

"ఊళ్లో అందరూ నవ్వుతన్నారు. నా కూతురు పడవలో కళ్లు మూసుకుని కూసుంతాదంట."

"అమ్మా, నువ్వు రోజూ గింజని ఏటడుగుతావు? పొద్దున్నే, పొయ్యి కాడ?"

రాములమ్మ గంప సర్దుకుంది. నేనున్నానని మొహమాటపడింది. నేను అటు తిరిగి కూర్చున్నాను.

"మీ అయ్య ఆ పొద్దు ఎందుకెల్లాడని అడుగుతాను. ఏటకి ఎల్లాడంతాది. తుపాను కబురు ఆడి సెవిలోనూ పడిందే. అయినా ఎల్లాడు. ఎందుకంటే ఏటకంతాది. రోజూ అదే."

"ఈసారి ఎందుకెల్లాడో అను."

"అంతే ఏటౌతాది?"

"ఏటీ అవదు. అందుకే అను."

గంప అంచు పట్టుకుని నీళ్లకేసి చూసింది. తర్వాత అంది. నాకు సరిగా వినపడలేదు, కానీ ఆమె చెయ్యి చెవి దగ్గరికి పోవడం చూశాను. ఇంజను నెమ్మది చేశాను. తెప్పలు రెండు దాటిపోయాయి, ఆమె దిగాల్సిన చోటు కూడా దాటిపోయింది. నేను ఆపలేదు.

"తలుపు కాడ ఎనక్కి తిరిగి నవ్వేడు" అంది రాములమ్మ. "ఎల్తే ఎల్లు గానీ పెందలాడే రా అన్నాను. నవ్వేడు. ఈ మాట నేనెవులికీ సెప్పనేదు. నాకే గురుతు నేదు."

కూతురు ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. ఎండుచేపల వాసనకి తుమ్మింది కూడా. ఇద్దరూ నవ్వారు.

దిగేటప్పుడు రాములమ్మ గంప నెత్తిన పెట్టుకుని, "అయినా గింజ పెట్టించుకోవాల్సిందే. ముందే సెప్తన్నాను" అని వెళ్లిపోయింది.

చతుర్దశి

గట్టు మీది నుంచి గింజలాయన వచ్చాడు. కుర్రవాడు. మర్యాదగా మాట్లాడతాడు. పెట్టె ఒళ్లో పెట్టుకుని, పడవ ఊగినప్పుడల్లా దాన్ని బిడ్డలా పట్టుకుంటున్నాడు.

"మీ ఊరి గింజలన్నీ ఈ పక్షంలో తెగ ఎదురుచూశాయట తాతగారూ. వాక్యం ఎప్పుడు పూర్తవుతుందా అని. మా వాళ్లకి అర్థం కాలేదు. ఏం జరుగుతోందిక్కడ?"

"కొంగని చూస్తున్నాం బాబూ" అన్నాను. అంతకంటే చెప్పడం చేతకాలేదు.

పున్నమి

మధ్యాహ్నం పెద్ద తెప్ప మీద ఊరంతా చేరింది. నేను తాళ్ల చుట్ట వెనక నిలబడ్డాను.

లచ్చన్న పైడితల్లిని ముందుకి పిలిచాడు. గింజలాయన పెట్టె తెరిచాడు.

"పైడితల్లీ, నీకు ముందుగింజ కావాలా?"

ఆ పిల్ల నిలబడింది. కావాలని దాని చెవిలో గింజ చెప్పేసి ఉంటుంది. ఆ ఒక్క మాట బయటికి అంటే అందరూ ఊరుకునేవాళ్లు.

"ఏమో" అంది.

ఎవరో దగ్గారు.

"అవునా, కాదా?" అన్నాడు లచ్చన్న.

"ఏమో పెదనాన్నా. గింజ కావాలంతంది. మాయమ్మ కావాలంతంది. నన్నింకా నేను అడుగుతన్నాను. నేనింకా సెప్పనేదు."

"మరి ఎప్పుడు సెప్తావు?"

"ఎప్పుడో."

వెనక నుంచి ఎర్రయ్య పకపకా నవ్వాడు. ఊరంతా నవ్వింది. లచ్చన్న మాత్రం నవ్వలేదు. ఇప్పుడేటి సెయ్యాల అని తన గింజని అడిగాడు. అవునంటే పెట్టాలి, కాదంటే మాన్పించాలి అని చెప్పిందట. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. ఊరి కట్టులో మూడోది లేదు.

అప్పుడు రాములమ్మ లేచింది. అందరం కూతుర్ని కొడుతుందనుకున్నాం. నేను తాళ్ల చుట్ట వెనక నుంచి రెండడుగులు ముందుకి కూడా వేశాను.

"దాన్నొగ్గీండి" అంది. "నాకు బయ్యం తీరాలని దాని ఎముకలో గింజెడతన్నానా, దాని బాగుకెడతన్నానా? పొద్దున్నించీ నన్ను నేను అడుక్కుంతన్నాను." చెంగుతో మొహం తుడుచుకుంది. "ఏమో. నాకూ తెలాలి గదా."

ఆ తర్వాత ఎర్రయ్యని పిలిచారు. ఏమో అన్నాడు. ఆ తర్వాతి పిల్ల, ఆ తర్వాతి పిల్లవాడు. ఎవరూ అవుననలేదు, ఎవరూ కాదనలేదు. లచ్చన్న చివరికి నెత్తి మీది తువ్వాలు తీసి దులుపుకున్నాడు. "మళ్లీ గింజల పడవ వచ్చేదాకా బడి ఇలాగే నడవనీ. అవునని నోటితో అననోళ్లకి పెట్టం" అన్నాడు. పోతూ పోతూ మనవడి భుజం మీద చెయ్యేసి, "ఆ పొద్దు కూడెందుకు మానేవురా" అని అడగడం విన్నాను. వాడేం చెప్పాడో వినపడలేదు. ఇద్దరూ తెప్ప చివరి దాకా నడిచారు.

గింజలాయన పెట్టె మూశాడు. కోపం లేదు. "ఇది చిన్న లోపమే. వచ్చే పడవకి ఏమో కూడా నేర్పించి పంపుతాం. ఎందుకో, ఎవరో, అన్నీ నేర్పిస్తాం. అవి అన్నా ఇక ఊరుకోదు" అన్నాడు.

"నేర్పిస్తే, ఏమో అన్నప్పుడు అది ఏటి సెప్తాది?" అని అడిగింది పైడితల్లి.

అతను జవాబు చెప్పబోయి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమోనండీ" అన్నాడు.

మళ్లీ పాడ్యమి

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఇందుకే ఇదంతా రాశాను.

గింజల పడవ అమావాస్య పోటుకి వస్తుంది. ఏమో నేర్చిన గింజతో వస్తుంది. ఈ లోపల పిల్లలు ఇంకో మాట వెతుకుతున్నారు. గింజ వినీ ఊరుకోవాల్సిన మాట. 'బహుశా' దానికి తెలుసు. 'అబ్బే' అంటే ఒక్క క్షణం తికమక పడి తేరుకుంది. 'ఊఁ' అంటే ఎవరి ఊఁ ఏమిటో దానికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. వింటున్నాననా, సరేననా, ఇక చాలనా అని. ఎర్రయ్య దాని మీద పని చేస్తున్నాడు. పొద్దస్తమానం ఊఁ అంటుంటే వాళ్లమ్మ గరిటె విసిరింది.

మాట దొరక్కపోతే ఎలా అని పైడితల్లిని అడిగాను. "దొరక్కపోతే గింజ మాటాడతన్నా ఆగి మనల్ని మనం అడుక్కోడం నేర్చుకోవాల. అది కష్టం. రోజూ కొంచెం సేస్తన్నాను" అంది. ముందుగింజ కావాలో వద్దో ఆ పిల్ల ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు.

మీ తెప్పల మీద వేరే ఊళ్ల వాళ్లున్నారు. మీ ముసలివాళ్ల మాటలు వేరుగా ఉంటాయి. తెలియనప్పుడు మీవాళ్లు ఏమంటారు? మీ పిల్లల్ని అడగండి, వాళ్లకి తెలియకపోతే మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి. దొరికితే నోటితో అనకండి, గింజలు వింటాయి. చేత్తో రాసి పంపండి. దస్తూరీ బాగా లేకపోయినా పరవాలేదు. జవాబు మాత్రం త్వరగా రాయండి, అమావాస్యకి పక్షం రోజులే ఉంది. పిల్లలు బడి వదిలాక కూడా ఇళ్లకి పోవడం లేదు. తెప్ప అంచున నిలబడి, జవాబు తెచ్చే మీ పడవ ఎప్పుడొస్తుందో అంటున్నారు.

ఇట్లు,
ఎల్లాజీ